బారు తీరిన రెక్కలు: ఎగిరే పక్షినీ విమానాన్నీ చూసి గాలి కదలికను గ్రహించే పద్ధతి

గూడబాతుల (పెలికాన్ల) బారు తలమీదుగా పోతున్నప్పుడు గానీ, విమానం దిగడానికి వస్తున్నప్పుడు గానీ, రెక్కల చుట్టూ ఉన్న గాలి ఏం చేస్తున్నదో ఊహించగలగడం నేర్చుకోదగిన విద్య. గాలి కంటికి కనిపించదు కాబట్టి అది చేసిన పనిని రెక్కల తీరులోనే వెతకాలి. ఇందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. స్లో మోషన్‌లో వీడియో తీయగల ఫోను, ఒక అట్టముక్క, ఒక అగరుబత్తి, చిన్న నోటుపుస్తకం చాలు. బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది.

ముందుగా వదిలించుకోవలసిన వివరణ

రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం ప్రయాణించాలనీ, కిందనుంచి పోయే గాలిని రెక్క చివర కలుసుకోవడానికి అది వేగంగా పరుగెత్తుతుందనీ, ఆ వేగం వల్ల పైన పీడనం తగ్గి రెక్క లేస్తుందనీ చాలామందికి బడిలో చెప్పే ఉంటారు. ఇందులో పైన గాలి వేగంగా పోతుందన్నది నిజం, అక్కడ పీడనం తక్కువన్నదీ నిజమే. రెండు పాయలూ చివర ఒకే క్షణంలో కలుసుకోవాలన్న నియమం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు. గాలి సొరంగంలో పొగ వదిలి చూస్తే, పైనుంచి పోయిన గాలి కింది గాలి కంటే ముందే రెక్క చివరకు చేరి దాటిపోతుంది. పైగా, వంపే లేని చదును కాగితపు విమానం ఎగురుతుంది, విన్యాసాల విమానాలు తలకిందులుగానూ ఎగురుతాయి. పిల్లలకు ఈ తప్పుడు వివరణే నేర్పుతూ పోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సరైన వివరణ దీనికంటే కష్టమైనదేమీ కాదు.

గాలికి కాస్త వాలుగా నిలిచిన రెక్క, తన పైనుంచీ కిందనుంచీ పోతున్న గాలి మొత్తాన్నీ కిందికి మళ్లిస్తుంది. గాలిని కిందికి నెట్టినందుకు ప్రతిగా గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం చెప్పేది ఇదే. పీడనాల తేడా ఈ నెట్టుడు రెక్క ఉపరితలం మీద అనుభవమయ్యే తీరే తప్ప వేరొక కారణం కాదు. అంటే ఎగరడమనేది సెకనుకు ఎంత గాలిని ఎంత వేగంతో కిందికి దింపుతున్నామన్న లెక్క.

ఆ లెక్కను ఒకసారి కాగితంమీద వేసి చూడండి. గూడబాతు బరువు 5 కిలోలనీ, రెక్కల చాపు 2.4 మీటర్లనీ, వేగం సెకనుకు 14 మీటర్లనీ అనుకుందాం. రెక్కల చాపు వ్యాసంగా గల వృత్తంలో పట్టేంత గాలిని పక్షి తన దారి పొడవునా ప్రభావితం చేస్తుందని స్థూలంగా భావిస్తారు. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోల బరువు తూగుతుంది కాబట్టి, సెకనుకు దాదాపు 75 కిలోల గాలి ఆ పక్షి అధీనంలోకి వస్తుంది. తన బరువును మోసుకోవాలంటే అది ఈ గాలికంతటికీ సెకనుకు 65 సెంటీమీటర్ల వేగాన్ని కిందివైపుగా ఇవ్వాలి. పిల్లగాలి పాటి వేగం అది. తన బరువుకు పదిహేను రెట్ల గాలిని ప్రతి సెకనూ మెల్లగా కిందికి ఒత్తుతూ గూడబాతు ముందుకు సాగుతున్నదన్నమాట.

ఇక్కడినుంచి వచ్చే ఒక్క సూత్రాన్ని గట్టిగా పట్టుకుంటే మిగిలినదంతా దానికదే తెలిసివస్తుంది. కొద్దిపాటి గాలిని వేగంగా నెట్టినా, ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టినా దొరికే లిఫ్ట్ (పైకెత్తే బలం) ఒకటే కావచ్చు గానీ, ఖర్చయ్యే శక్తి ఒకటి కాదు. కదిలిన గాలిలో చేరే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టేదే చవక. వెడల్పాటి తెడ్డుతో పడవ నడిపేవాడు సన్నని కర్రతో నీళ్లు తోసేవాడి కంటే తక్కువ అలసిపోతాడు, కారణం ఇదే. పొడుగు రెక్కలు, రెక్క కొనన విచ్చుకున్న వేళ్లవంటి ఈకలు, విమానపు రెక్క చివర పైకి వంచిన చిన్న పలక, చివరికి కొంగల బారు కూడా ఈ చవక బేరం కోసమే.

అగరుబత్తితో రెక్క కొన సుడిని చూడటం

ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అగరుబత్తి పొగ కదలకుండా నిట్టనిలువుగా లేచేదాకా ఆగండి. కర్టెన్లకూ కాగితాలకూ దూరంగా పెట్టడం మరవవద్దు. పోస్టుకార్డు కంటే కొంచెం పొడవైన అట్టముక్కను, ముందంచు కాస్త పైకి లేచేటట్టు పట్టుకుని, పొగ దాని మధ్యభాగానికి తగిలేలా నెమ్మదిగా, ఒకే వేగంతో అడ్డంగా జరపండి. అట్ట దాటిపోయాక పొగ కిందికి ఒరుగుతుంది. రెండోసారి అట్ట కొన మాత్రమే పొగను తాకేలా జరిపితే, పొగ కొన చుట్టూ చుట్టుకుని సుడి తిరగడం కనిపిస్తుంది. మొదటి ప్రయత్నంలోనే కుదరకపోవచ్చు. చేయి వేగం తగ్గిస్తే ఫలితం మెరుగవుతుంది.

ఆ సుడికి కారణం సులువైనదే. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ కనుక, కొన దగ్గర గాలి కిందనుంచి పైకి మళ్లి చుట్టుకుపోతుంది. ఎగిరే ప్రతి రెక్క వెనుకా ఇటువంటి రెండు సుడులు, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతూ, చాలా దూరం మిగిలిపోతాయి. వాటి మధ్యన గాలి కిందికి దిగుతుంది, రెండు సుడులకూ బయటి పక్కన గాలి పైకి లేస్తుంది. వానాకాలంలో, గాలిలో తేమ బాగా ఉన్న ఉదయాల్లో, దిగుతున్న విమానం ఫ్లాపుల (రెక్క వెనకంచు పలకల) చివరల నుంచి తెల్లటి సన్నని తాడు వంటిది సాగటం చూసే ఉంటారు. అది సుడి నడుమ పీడనం పడిపోయి నీటిబిందువులుగా మారిన తేమ.

ఒక్క పక్షిని చూసేటప్పుడు

చెరువుగట్టున దిగుతున్న కొంగతో మొదలుపెట్టడం మంచిది. వేగం తగ్గేకొద్దీ అదే లిఫ్ట్ కోసం రెక్కను గాలికి మరింత ఎత్తి పట్టాలి. ఆ కోణం ఒక హద్దు దాటితే, సాధారణ రెక్కకు అది సుమారు 15 డిగ్రీలు, పైభాగపు గాలి రెక్కను అంటిపెట్టుకోలేక విడిపోతుంది, లిఫ్ట్ హఠాత్తుగా పడిపోతుంది. విమానయానంలో దీన్నే స్టాల్ అంటారు. దిగే క్షణాన పక్షి వీపు వైపు చిన్న ఈకలు రేగినట్టు లేవడం, రెక్క ముందంచున బొటనవేలి దగ్గరి చిన్న ఈకల గుత్తి విడిగా నిలవడం స్లో మోషన్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గుత్తి చేసే పనినే విమానంలో రెక్క ముందంచున జారివచ్చే స్లాట్లు చేస్తాయి. కిటికీ పక్కన, రెక్క వెనుక వరుసలో కూర్చున్న ప్రయాణికుడు దిగేముందు ఇవీ, వెనకంచున వంగే ఫ్లాపులూ ఒక్కొక్కటిగా బయటికి రావడం గమనించవచ్చు.

విమానానికి ముందుకు తోసే పని ఇంజనుది, పైకెత్తే పని రెక్కది. పక్షి ఈ రెండూ రెక్కతోనే చేసుకోవాలి. రెక్కను కిందికి కొట్టేటప్పుడు కొనభాగం ముందుకు మెలితిరిగి, బలంలో కొంత ముందుకు తోయడానికి మళ్లుతుంది. పైకి తెచ్చేటప్పుడు చాలా పక్షులు మణికట్టు దగ్గర రెక్కను ముడుచుకుని గాలి అడ్డును తగ్గించుకుంటాయి. రెక్కను పైకెత్తే కండరం కూడా వీపు మీద కాక రొమ్ములోనే ఉండి, భుజం ఎముకల మధ్య సందులోంచి పోయే స్నాయువు ద్వారా కప్పీ మాదిరి రెక్కను లాగుతుంది. అందువల్ల బరువంతా రెక్కల కిందే ఉండి పక్షి తూలిపోకుండా నిలుస్తుంది. తూనీగలు, తేనెటీగల లెక్క వేరు. అంత చిన్న రెక్క ముందంచున ప్రతి ఊపులో పుట్టే చిట్టి సుడే వాటి లిఫ్ట్‌లో పెద్ద భాగం సమకూరుస్తుంది. కంటితో దాన్ని పట్టుకోవడం సాధ్యం కాదు కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

గద్దను చూడటానికి ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య బయటికి వెళ్లండి. అంతకుముందు అది రెక్కలు కొడుతూనే పోతుంది. ఎండ నేలను వేడెక్కించి, వెచ్చటి గాలి స్తంభాలుగా లేవడం మొదలయ్యాక, గద్ద అందులో ప్రవేశించి రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. నిజానికి చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. గాలి అంతకంటే వేగంగా లేస్తున్నందువల్ల పైకి పోతున్నట్టు కనిపిస్తుంది. చుట్టు ఎంత చిన్నదో, ఏ పక్కకు జరుగుతున్నదో రాసుకుంటే ఆ స్తంభం వెడల్పూ, పైన గాలి వీచే దిక్కూ తెలుస్తాయి.

బారును చదవడం

అసలు ఆనందం ఇక్కడుంది, సమయం ఎక్కువ కేటాయించవలసినదీ ఇక్కడే. కొల్లేటిలోని ఆటపాక, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు, గుంటూరు పక్కన ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, ఈ నాలుగు చోట్లా గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో మేతకు పోయివచ్చే బారులు ఉదయం, సాయంత్రం దొరుకుతాయి. గూళ్ల చెట్లకు దగ్గరగా కాకుండా, అవి వచ్చే దారిలో కొంత దూరాన నిలబడండి. పక్షులకు ఇబ్బంది లేకుండా ఉంటుంది, బారు చెదరకముందే చూడటమూ వీలవుతుంది. వీలైనంతవరకు బారు నెత్తిమీదకు వచ్చినప్పుడే వీడియో తీయండి. పక్కనుంచి చూస్తే పక్షుల మధ్య ఎడం తప్పుగా తోస్తుంది.

ముందున్న పక్షి రెక్కకొన సుడికి బయట గాలి పైకి లేస్తుందని చెప్పుకున్నాం. వెనుక వచ్చే పక్షి ఒక రెక్కను ఆ లేచే గాలిలో ఉంచితే, తన బరువులో కొంత భాగాన్ని గాలే మోస్తుంది. జర్మనీకి చెందిన కార్ల్ వీసెల్స్‌బెర్గర్ ఈ వివరణను 1914లోనే ఇచ్చాడు. దీన్ని ఇంకోవిధంగా చూస్తే మరింత అర్థమవుతుంది. కొనలు దాదాపు తాకేటట్టు పక్కపక్కన సాగే రెండు పక్షులను రెట్టింపు చాపు గల ఒకే రెక్కగా భావించండి. వ్యాసం రెట్టింపైతే వృత్తంలో పట్టే గాలి నాలుగు రెట్లవుతుంది, మోయవలసిన బరువు మాత్రం రెండు రెట్లే. కాబట్టి గాలిని సగం వేగంతో నెడితే చాలు. గాలిని కిందికి దింపడానికి అయ్యే శక్తి ఆ రెంటికీ కలిపి, ఒంటరి పక్షికి అయ్యేటంతే. మూడు చేరినా, పది చేరినా ఆదర్శ గణితంలో ఆ మొత్తం పెరగదు. నేను చదివిన ప్రకృతి లెక్కల్లో ఇంత అందమైనవి చాలా కొద్ది.

వాస్తవంలో లాభం అంత రాదు. శరీరమూ ఈకలూ గాలిని ఒరుసుకుని పోవడానికి అయ్యే ఖర్చు బారులోనూ తగ్గదు. రెక్కలు ఆడుతుంటాయి, గాలి కుదురుగా ఉండదు. 25 పక్షుల బారు ఒంటరి పక్షి కంటే 71 శాతం ఎక్కువ దూరం పోగలదని 1970లో లిస్సమన్, షోలెన్‌బర్గర్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన లెక్క కాగితం మీది గరిష్ఠ పరిమితి. సెనెగల్‌లో మోటారు పడవ వెంటా, తేలికపాటి విమానం వెంటా ఎగరడం నేర్పిన తెల్ల గూడబాతుల గుండె వేగాన్ని కొలిచి 2001లో ప్రకటించిన ఫలితాల్లో, ఒంటరిగా పోయేటప్పటి కంటే బారులో అది 11 నుంచి 14 శాతం తక్కువగా ఉంది. బారులో రెక్క కొట్టకుండా జారిపోయే సమయం కూడా ఎక్కువ.

వీడియోలో మొదట చూడవలసినది పక్కవాటు ఎడం. వెనుక పక్షి రెక్కకొన, ముందు పక్షి రెక్కకొన గీతకు కొంచెం లోపలికి వచ్చిందా, సరిగ్గా గీత మీద ఉందా, బయటికి పోయిందా అన్నది ఒక్కొక్క జతకూ రాసుకోండి. సుడులు వెనక్కి పోయేకొద్దీ కొంత లోపలికి జరుగుతాయి కనుక, కొనలు కాస్త ఒకదానిమీదొకటి పడే స్థానంలోనే లాభం ఎక్కువ. మరీ లోపలికి వస్తే దిగే గాలిలో చిక్కుకుని నష్టపోవాలి. వెనుకకు ఎంత ఎడం ఉన్నా మొత్తం బారుకు దక్కే లాభం మారదని విమానశాస్త్రవేత్త మాక్స్ మంక్ సిద్ధాంతం చెబుతుంది. అందుకే ఆకారం అక్షరాలా బాణపు ములుకులా ఉండనక్కర్లేదు. ఒకవైపే సాగిన ఏటవాలు గీత కూడా పనిచేస్తుంది, మనకు ఎక్కువసార్లు కనిపించేదీ అదే.

తరువాత రెక్కల తాళం. మొదటి గూడబాతు నాలుగైదు సార్లు రెక్క కొట్టి ఆపితే, ఆ ఆపడం ఒక్కొక్కదానికీ పాకుతూ అలలాగా బారు చివరిదాకా పోతుంది. వీడియోలో ఒక పూర్తి ఊపుకు ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టి, వెనుకదాని ఊపు ఎన్ని ఫ్రేముల ఆలస్యంగా మొదలైందో చూడండి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీకి తేలికపాటి విమానం వెంట వలస నేర్చుకున్న 14 నార్తర్న్ బాల్డ్ ఐబిస్ పక్షులకు చిన్న పరికరాలు కట్టి చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. అవి ముందుదానికి పక్కగా సుమారు 90 సెంటీమీటర్లు, వెనుకగా సుమారు 1.2 మీటర్ల దగ్గర ఎక్కువగా నిలిచాయి. అంతేకాదు, ముందు పక్షి రెక్కకొన గాలిలో గీసిన అల వెంటే తమ రెక్కకొన పోయేలా తాళం పట్టాయి. సూటిగా వెనక్కి వచ్చినప్పుడు తాళం తిరగేసి, దిగే గాలి దెబ్బను తప్పించుకున్నాయి. ముందుండే పక్షికి లాభం తక్కువ కదా అన్న ప్రశ్నకు కూడా ఆ గుంపే జవాబిచ్చింది. జతలుగా స్థానాలు మార్చుకుంటూ, ఒకదాని వెనుక గడిపినంత సమయం దానికి ముందుండి తీర్చుకున్నాయి. మీ వీడియో తగినంత పొడవుగా ఉంటే, బారు ముందరి పక్షి పక్కకు తప్పుకోవడాన్ని పట్టుకోవచ్చు.

గూడబాతులు, నీటికాకులు నీటిని ఆనుకుని పోయే సందర్భాన్ని విడిగా రాసుకోండి. నీటి ఉపరితలానికి రెక్కల చాపులో సగంకంటే తక్కువ ఎత్తున ఎగిరితే, కిందికి దిగవలసిన గాలికి చోటు లేక సుడులు బలహీనపడతాయి, ఖర్చు తగ్గుతుంది. దిగే విమానం రన్‌వే మీద కొన్ని క్షణాలు తేలినట్టుండటానికీ కారణం ఇదే. ఎత్తైన చోట పరిస్థితి దీనికి విరుద్ధం. సుమారు 6,700 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో ఇంచుమించు సగమే కాబట్టి, అదే వేగంతో పోయే పక్షి గాలిని రెట్టింపు వేగంతో నెట్టాలి. హిమాలయాలను దాటే బార్‌హెడెడ్ బాతులు 7,000 మీటర్లకు పైన కూడా నమోదయ్యాయి గానీ, ఎక్కువగా కొండల ఎత్తుపల్లాలను అనుసరిస్తూ, వీలైన ప్రతిచోటా కిందికి దిగి పోతాయి.

గుంపుగా పోయే ప్రతిదీ ఇలా ఆదా చేసుకుంటుందని అనుకోవద్దు. హైదరాబాదు చౌరస్తాల మీద చుట్లు కొట్టే పావురాల గుంపు దీనికి ఎదురు ఉదాహరణ. దట్టంగా కలిసి ఎగిరే పావురం ఒంటరిగా ఎగిరేటప్పటి కంటే ఎక్కువసార్లు రెక్క కొడుతుందని 2011లో కొలిచి చూపారు. అవి గద్ద నుంచి రక్షణ కోసం ఆ ఖర్చును భరిస్తాయి. జొన్న చేల మీద మబ్బులా తిరిగే రోజీ స్టార్లింగుల గుంపులోనూ వెతకవలసింది గాలి లాభం కాదు, పక్కవాటిని చూసి క్షణంలో మలుపు తిరిగే నేర్పు.

విమానాల దగ్గరికి వస్తే

ఇందాకటి లెక్కనే 65 టన్నుల బరువుతో, 36 మీటర్ల రెక్కల చాపుతో, సెకనుకు 70 మీటర్ల వేగంతో దిగుతున్న విమానానికి వేయండి. సెకనుకు దాదాపు 85 టన్నుల గాలిని ఏడున్నర మీటర్ల వేగంతో అది కిందికి నెడుతున్నదని తేలుతుంది. గూడబాతు వెనుక పిల్లగాలిగా ఉన్నది ఇక్కడ చిన్న విమానాన్ని బోర్లా తిప్పగల సుడి. అందుకే భారీ విమానం వెనుక మధ్యస్థాయి విమానం దిగాలంటే అంతర్జాతీయ నియమం ప్రకారం సాధారణంగా 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్ల ఎడం ఉంచుతారు. శంషాబాద్ దారిలో నిలబడి గడియారం చూస్తే, అటువంటి జత మధ్య రెండు నిమిషాలకు పైనే గడవడం మీరే కొలవవచ్చు.

ప్రమాదకరమైన ఆ సుడి అంచునే లాభంగా మార్చుకోవడానికి ఎయిర్‌బస్ చేసిన ప్రయత్నం నాకు ఎంతో ఆశ కలిగిస్తున్నది. 2021 నవంబరులో రెండు ఏ350 విమానాలు ఫ్రాన్సులోని తులూజ్ నుంచి కెనడాలోని మాంట్రియల్ వరకు, సుమారు 3 కిలోమీటర్ల ఎడంతో, వెనుకది ముందుదాని లేచే గాలిలో ఉండేలా ఎగిరాయి. ఆ ఒక్క ప్రయాణంలో 6 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గిందనీ, దూరప్రయాణాల్లో 5 శాతానికి మించి ఇంధనం మిగలవచ్చనీ ఆ సంస్థ ప్రకటించింది. పక్షుల కంటే అంత వెనుకగా ఉండటం భద్రత కోసం. మంక్ సిద్ధాంతం ఆ వెసులుబాటును ఇస్తున్నది, సుడి చెదరకుండా ఉన్నంతవరకు.

వైమానిక దళ విన్యాసాలను చూసేటప్పుడు మాత్రం ఈ కొలబద్దను పక్కన పెట్టాలి. బీదర్ కేంద్రంగా ఉన్న సూర్యకిరణ్ బృందం 1996లో ఏర్పడి, ఇప్పుడు తొమ్మిది హాక్ విమానాలతో ఎగురుతున్నది. దుండిగల్ వైమానిక దళ అకాడమీ స్నాతక కవాతులకు వచ్చినప్పుడు హైదరాబాదు వాసులు దీన్ని చూడగలుగుతున్నారు. అక్కడ కొన్ని మీటర్ల ఎడంతో పోయే విమానాల ఉద్దేశం ఇంధనం మిగల్చడం కాదు, నైపుణ్యాన్ని చూపడం. పైలట్ ముందు విమానం మీద ఎంచుకున్న రెండు గుర్తులు ఒకే గీతలో ఉండేలా చూసుకుంటూ, క్షణక్షణం చిన్న సవరణలు చేస్తూ స్థానం నిలుపుకుంటాడు. వజ్రాకారంలో నాయకుడికి సూటిగా వెనుక ఉన్న విమానాన్ని పక్కనుంచి బైనాక్యులర్‌తో చూస్తే, అది నాయకుడి ఎత్తున కాక కొంచెం కిందగా ఉండటం కనిపిస్తుంది. ముందు ఇంజను వదిలే వేడి వాయుధార తన తోకకు తగలకుండా పైలట్ ఆ చోటును ఎంచుకుంటాడు.